స్వామిని తలచుకోగానే మనసులో చెడ్డమాట వస్తోంది.. ఈ వైద్యం చేయించుకుంటే పాపమా?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు, వీధి, పనిచేసే బడి, ఆమెను గుర్తుపట్టగల వివరాలన్నీ తీసేశాను. మిగిలిన సంగతి ఇది.

ఆమెకు 31 ఏళ్ళు. టీచరు. ఇంట్లో భర్త, అత్తగారు, ఐదేళ్ళ బాబు. నాలుగేళ్ళ కిందట బాబు పుట్టువెంట్రుకలు ఇవ్వడానికి అందరూ కొండకు పోయారు. కల్యాణకట్టలో గుండు చేయించి, పిల్లవాణ్ణి చంకనేసుకుని గంటల తరబడి క్యూలో నిలబడ్డారు. చివరికి స్వామి కనిపించిన ఆ రెండు మూడు క్షణాల్లో ఆమె మనసులో ఒక బూతుమాట మెదిలింది. “నా నోట ఎప్పుడూ రాని మాట. స్వామినే అన్నట్టు అనిపించింది. దండం పెట్టుకునేలోపే జరగండి జరగండి అంటూ పక్కకు తోసేశారు” అని రాశారు.

ఆ రోజు కొండ దిగేదాకా చెంపలేసుకుంటూనే ఉన్నారు. అప్పటినుంచి కొండ కంటపడితే చాలు, ఆ మాట వస్తోంది. తిరుపతిలో ఏ మిద్దె ఎక్కినా కొండే కదా. రాత్రయితే గాలిగోపురం దీపాలు. వంటింటి కిటికీ కొండవైపుకు ఉందని దాన్ని మూసి మేకులు కొట్టించారు. బడికి కపిలతీర్థం దారిన పోకుండా చుట్టు తిరిగి పోతున్నారు. మాట వచ్చిన ప్రతిసారీ చెంపలేసుకోవడం, ఆపైన 21 సార్లు ‘గోవిందా’ అనుకోవడం. మధ్యలో మళ్ళీ ఆ మాట తగిలితే లెక్క మొదటికొస్తుంది. కొన్ని ఉదయాలు దీపం పెట్టడానికే ముప్పావుగంట పడుతోంది. అప్పటికీ భయం తీరకపోతే పసుపుగుడ్డ ముక్కలో రూపాయి బిళ్ళ మూటగట్టి ముడుపు కడతారు. ఆ ముడుపులు హార్లిక్స్ సీసాల్లో వేస్తారు. ఇప్పటికి మూడు సీసాలు నిండాయి. బీరువాలో చీరల వెనక ఉన్నాయి. ఇవన్నీ కాక రోజుకు ముప్ఫై నలభై సార్లు భర్తను అడుగుతారు: “బాబుకేమీ కాదు కదా?” ఆయన “ఏం కాదులే” అంటారు. పది నిమిషాలు నెమ్మది. మళ్ళీ ప్రశ్న.

మూడు నెలల కిందట స్కూటరు మీద ముందు నిలబడ్డ బాబు, కొండ కనిపించగానే తన రెండు చెంపలూ వాయించుకుని, “అమ్మా, నీ బదులు నేనేసుకున్నాలే” అన్నాడట. ఆ మాటతో కదిలి ఆమె సైకియాట్రిస్టు దగ్గరికి పోయారు. కొన్నాళ్ళు మాత్ర వేసుకోవడానికి వెనకాడి, చివరికి సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములు మొదలుపెట్టి ఐదు వారాలైంది. ఆయనే ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు. నాలుగో సెషన్లో ఆ సైకాలజిస్టు, ఆ మాటను కాగితం మీద రాసి, మిద్దె మీద కొండకేసి నిలబడి ముప్పావుగంట చదవమన్నారు. చెంపలేసుకోకూడదు, గోవిందా అనకూడదు, ముడుపు కట్టకూడదు. ఈమె చేశారు. ఆ రాత్రే బాబుకు 101 జ్వరం. తెల్లారేలోపు 21 ముడుపులు కట్టారు. మళ్ళీ సెషన్‌కు పోలేదు.

అత్తగారు, “డబ్బులిచ్చి మరీ దేవుణ్ణి తిట్టించుకునేదానికా పోయేది? ఇంక పోవద్దు” అన్నారు. భర్త పొమ్మంటున్నారు. పెదనాన్నగారు శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయిస్తే పోతుందంటున్నారు. ఈ వైద్యం పాపమా, దీంతో ఉన్న భక్తి కూడా పోతుందా, మాత్రలు మానేయవచ్చా, సీసాల్లోని ముడుపులు ఏం చేయాలి అని అడిగారు. చివరి వాక్యం ఇది: “మీరు ఎంతోమందిని చూసుంటారు. మా బాబుకు ఏం కాదని ఒక్కమాట రాయండి, ఆ కాగితం పర్సులో పెట్టుకుంటాను.”

సమాధానం:

అమ్మా, మీ చివరి వాక్యం దగ్గరే మొదలుపెడతాను. ఆ ఒక్కమాట నేను రాయను.

రాస్తే మీకు ఈ పూట హాయిగా ఉంటుంది. రేపు మడత విప్పి చూసుకుంటారు. వారం తిరిగేసరికి మడతల దగ్గర కాగితం చిరుగుతుంది. “ఈవిడకు నా సంగతి మొత్తం తెలిసే రాసిందా?” అని అనుమానం మొదలవుతుంది. ఇంకో ఉత్తరం రాస్తారు. అప్పటికి నేను మీ బీరువాలో నాలుగో సీసానవుతాను.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో అలాంటి కాగితాలు నేను రాసిచ్చాను. ఒకామె చేతులు కడిగి కడిగి తోలు ఊడిపోయి వచ్చేది. “మీ చేతులు శుభ్రంగా ఉన్నాయి” అని నా లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టిచ్చాను. ఆమె దాన్ని లామినేషన్ చేయించుకుంది. ఆరు నెలల తర్వాత వాళ్ళ చెల్లెలు చెప్పింది, ఇప్పుడు ఆ లామినేషన్‌ను కూడా రోజూ సబ్బుతో కడుగుతోందని. ఆ తప్పు నాది. ఆమె మీద జాలితో జబ్బుకు మేత వేశాను. అందుకే మీకు ఆ మాట రాయడానికి నా చెయ్యి రావడం లేదు.

మీకున్నది ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అని సైకియాట్రిస్టు మీకు చెప్పే ఉంటారు. మన ఇళ్ళలో ఓసీడీ అంటే చేతులు కడుక్కోవడం, తాళం పదిసార్లు లాగి చూడటం అనుకుంటారు. కొందరు చాదస్తం అని కొట్టిపారేస్తారు. దేవుడి మీద చెడ్డ ఊహలు రావడం కూడా ఇదే జబ్బని చాలామందికి తెలియదు, కాబట్టి ఎవరికీ చెప్పుకోరు. మీరు నాలుగేళ్ళు చెప్పుకోలేదు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కన మన దేశంలో పెద్దవాళ్ళలో వెయ్యికి ఏడెనిమిది మందికి ఓసీడీ ఉంది. క్రైస్తవ మతగురువులకు ఈ రకం బాధ శతాబ్దాలుగా తెలుసు. దానికి వాళ్ళు వాడిన పేరు ‘స్క్రూపులాసిటీ’, అది లాటిన్‌లో ‘చిన్న సూదిరాయి’ అనే మాట నుంచి పుట్టింది. చెప్పులో రాయి అన్నమాట. అడుగు తీసి అడుగు వేయనివ్వదు, విప్పి చూస్తే గింజంత కూడా ఉండదు.

ఇక ఆ మాట మీకే ఎందుకొచ్చింది? 1978లో రాక్‌మన్, పద్మల్ డి సిల్వా అనే ఇద్దరు సైకాలజిస్టులు లండన్‌లో ఏ జబ్బూ లేని మామూలు మనుషులను అడిగారు, మీ మనసులోకి అక్కర్లేని చెడ్డ ఊహలు చొరబడతాయా అని. పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది అవునన్నారు. ఎవరికైనా హాని చేసేస్తానేమో, అనరాని మాట అనేస్తానేమో, ఇలాంటివే. జబ్బున్నవాళ్ళ ఊహలూ లేనివాళ్ళ ఊహలూ పక్కపక్కన పెడితే సరుకులో పెద్ద తేడా లేదు. మామూలు మనిషి “ఛీ, ఇదేంటి” అనుకుని క్యూలో ముందుకు జరిగిపోతాడు. మీరు ఆ మాటను పట్టుకుని నిలదీశారు. ఎక్కడి నుంచి వచ్చావు, నేను పాపినా, బాబుకు శిక్ష పడుతుందా అని. నిలదీసిన ఊహ వెళ్ళదు. మందు మింగేటప్పుడు కోతిని తలచుకోవద్దన్న వైద్యుడి కథ మీ తరగతిలో పిల్లలకు మీరే చెప్పి ఉంటారు. మీ వంటింటి కిటికీకి కొట్టిన మేకులన్నీ ఆ కోతిని తలచుకోకుండా ఉండటానికి కొట్టినవే.

ముడుపు సంగతి కాస్త దగ్గరగా చూద్దాం, జబ్బు తాలూకు యంత్రం మొత్తం అందులో ఉంది. మాట వస్తుంది. గుండె దడ. బిళ్ళ వెతుకుతారు, పసుపుగుడ్డ చించుతారు, ముడి వేస్తారు. ముడి బిగిసిన క్షణాన గుండె నెమ్మదిస్తుంది. అప్పుడు మీ మెదడు ఏం నేర్చుకుంటుంది? “ముడుపు కట్టబట్టి గండం తప్పింది” అని. కట్టకపోయినా ఆ దడ దానంతటదే దిగిపోయేదన్న సంగతి తెలుసుకునే అవకాశం దానికి నాలుగేళ్ళుగా మీరు ఇవ్వలేదు. మన ఊళ్ళల్లో మీటర్ వడ్డీకి అప్పు తీసుకున్నవాళ్ళను చూసే ఉంటారు. ఈ పూట గడుస్తుంది, రేపు రెండింతలు కట్టాలి. మొదట చెంపలే సరిపోయాయి, తర్వాత 21 గోవిందలు కావలసి వచ్చాయి, ఆ తర్వాత ముడుపులు, ఇప్పుడు నా ఉత్తరం. కట్టేకొద్దీ అసలు పెరిగింది.

మీ సైకాలజిస్టు మొదలుపెట్టిన వైద్యాన్ని ఈఆర్‌పీ అంటారు, ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. భయపెట్టేదానికి ఎదురుగా నిలబడటం ఒక సగం, భయం తీర్చుకునే పని చేయకపోవడం రెండో సగం. 1966లో లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు ఇద్దరు రోగుల మీద ఈ దారి మొదటిసారి చూపించారు. ఒకరికి శుభ్రం పిచ్చి. రెండో ఆమె బాధ ఏమిటో తెలుసా అమ్మా? దైవదూషణ ఊహలు. వాటిని రద్దు చేయడానికి చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేసేది. ఈ వైద్యం పుట్టిందే మీలాంటి ఒక భక్తురాలి కోసం కూడా.

దీంట్లో ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునే చోటు ఒకటుంది. ఈ వైద్యం ఆ మాటను మీ చేత అనిపించి అలవాటు చేయడానికి కాదు. ఆ మాట ఇప్పటికే మీలో రోజుకు వందసార్లు మోగుతోంది, మీ సైకాలజిస్టు కొత్తగా తెచ్చిపెట్టింది ఏమీ లేదు. వైద్యం పట్టించుకునేది ఆ మాట తర్వాత మీరు చేసే పనిని. మాట వచ్చింది. మంచిది, ఉండనీ. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి. దడ పెరుగుతుంది, కాసేపు నిలుస్తుంది, మెల్లగా దిగుతుంది. కొన్నిసార్లు ఆ పూటకు దిగదు కూడా. దిగకపోయినా కూర గిన్నె పొయ్యి మీద పెట్టగలరు, కాపీలు దిద్దగలరు. “బాబుకేమవుతుందో నాకు తెలియదు. ఏ తల్లికీ తెలియదు. తెలియకుండానే నేను ఈ పూట వంట చేయగలను” అన్నది మీ ఒంటికి తెలియాలి. నేర్చుకోవలసింది అదే. “ఏం కాదు” అనే హామీ దానికి అడ్డం.

ఆ ముప్పావుగంట మీరు నిజంగా నిలబడ్డారు. రాత్రి కట్టిన 21 ముడుపులు రెండో సగాన్ని తిప్పేశాయి. మెదడు లెక్కలో “నిలబడ్డాను, జ్వరం వచ్చింది, ముడుపులు కట్టాను, తగ్గింది” అని పడిపోయింది. కాబట్టే ఇప్పుడు మునుపటికంటే భయంగా ఉంది. అది మీ చేతగానితనం కాదు, రాత్రికి ఏం చేయాలో ముందుగా ఎవరూ మీతో మాట్లాడకపోవడం.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. మీ సైకాలజిస్టు వైపు సంగతి నేను వినలేదు, మీరు రాసినదాన్నిబట్టే అంటున్నాను. పద్ధతి సరైనదే, నాలుగో సెషన్‌కే ఆ మెట్టు ఎక్కించడం తొందర. అలిపిరి నుంచి 3,550 మెట్లున్నాయి, ఎవరూ మోకాళ్ళమిట్ట దగ్గర మొదలుపెట్టరు. ముందు మీరిద్దరూ కూర్చుని మీ భయాలను సున్నా నుంచి వంద దాకా మార్కులేసి వరసపెట్టుకోవాలి. మీ ఉత్తరం చదివితే నాకు తోచిన వరస ఇలా ఉంది: కిటికీ మేకులు తీసి రెక్క తెరిచి, వీపు అటు పెట్టి వంట చేయడం కింది మెట్టు. తర్వాత అటు చూస్తూ చేయడం. దీపం పెట్టి ‘గోవిందా’ అని ఒక్కసారి అనడం, లెక్కపెట్టకుండా. లెక్క ఆగకపోతే కావాలని ఇరవై దగ్గర వదిలేయడం. ఆ ఒక్కటి తక్కువైనందుకు ఎంత గింజుకుంటారో మీకు తెలుసు, నాకూ తెలుసు. స్కూటరు కపిలతీర్థం దారిన పోనివ్వడం. రాత్రి మిద్దె మీద గాలిగోపురం దీపాలు చూస్తూ చేతులు కట్టుకుని పది నిమిషాలు. ఆ మాటలో మొదటి అక్షరం మాత్రం రాయడం. మాట మొత్తం రాయడం. చివరికి కొండకు పోయి, మాట వస్తే రానిచ్చి, చెంపలేసుకోకుండా దర్శనం చేసుకుని, ప్రసాదం తిని రావడం. ఒక్కో మెట్టు రోజూ చేయాలి, విసుగొచ్చేదాకా. విసుగు పుడితే పైమెట్టుకు వేళైందని గుర్తు.

పాపమా అని అడిగారు. స్వామి లెక్కలో ఏది పాపమో చెప్పే అర్హత నాకు లేదు. నా పని గురించి మాత్రం ఒక హద్దు చెప్పగలను: మామూలు భక్తురాలు చేయని పని ఏదీ మీ చేత చేయించనక్కర్లేదు. గుళ్ళో నిలబడి బూతు అనమని, పటాన్ని తొక్కమని ఏ మంచి థెరపిస్టూ అడగదు. అడిగితే లేచి వచ్చేయండి. కిటికీ తెరవడం, ఒక్కసారి గోవిందా అనడం, చెంపలేసుకోకుండా దండం పెట్టుకోవడం, ఇవి మీ అత్తగారు రోజూ చేసేవే. ఆ మాటను కాగితం మీద రాసే మెట్టు మీకు మరీ ససేమిరా అనిపిస్తే దాన్ని పక్కన పెట్టి, “ఆ మాట ఇప్పుడు నా మనసులో ఉంది, ఉన్నా నేను దండం పెట్టుకుంటున్నాను” అన్న వాక్యం రాసుకోమని అడగవచ్చు. వైద్యం కొంచెం నెమ్మదిస్తుంది, ఆగిపోదు.

మీ అత్తగారికి ఒక మాట. అమ్మా, మీరు తిరుపతిలో పుట్టి పెరిగినవారు. తాతయ్యగుంట గంగమ్మ జాతర ఏటేటా చూస్తున్నారు. స్వామికి చెల్లెలని మనం చెప్పుకునే ఆ తల్లి ముందుకు వేషాలు కట్టి బూతులు తిడుతూ పోతారు భక్తులు. ఆ తల్లికి కొండమీంచి సారె వస్తుంది. భద్రాచలం రామదాసు చెరసాలలో నుంచి రాముణ్ణి నిలదీసి మాట్లాడాడు. తెలిసి నోరారా తిట్టిన బిడ్డలను మన దేవుళ్ళు దగ్గరికి తీసుకున్నారని మనమే కథలు చెప్పుకుంటాం. మీ కోడలు తిట్టడం కూడా లేదు. తన ఇష్టం లేకుండా వచ్చే ఒక మాటకు నాలుగేళ్ళుగా తనను తాను కొట్టుకుంటోంది. ఆమెను వైద్యానికి పంపడం స్వామికి ఎదురు నిలవడం కాదు.

ఈ పేరా కోడలికి రాయలేదు. మీరు దీన్ని కత్తిరించి దాచుకుని, భయమేసినప్పుడల్లా గంగమ్మను తలచుకుంటే అది ఇంకో ముడుపు. అత్తగారిని ఒప్పించడానికే వాడండి.

భక్తి పోతుందా అన్నారు. ఇప్పుడు మీ దగ్గర ఉన్నదేమిటో చూడండి. కిటికీ మూసేశారు. గుడి దారి వదిలేశారు. దీపం పెట్టేటప్పుడు కళ్ళముందు స్వామి లేడు, లెక్క ఉంది. భయం సడలిన తర్వాత మీరు గుడికి ఇంకా ఎక్కువగా పోవచ్చు, తగ్గించుకోవచ్చు. నేను చూసినవాళ్ళలో ఎక్కువమంది “చాన్నాళ్ళ తర్వాత ప్రశాంతంగా దండం పెట్టుకున్నా” అన్నారు. ఒకరిద్దరు పూజలు తగ్గించారు. ఆ నిర్ణయం మీదై ఉంటుంది, జబ్బుది కాదు.

జ్వరం సంగతి. ఐదేళ్ళ పిల్లవాడికి మళ్ళీ జ్వరం వస్తుంది. బడికి పోయే పిల్లలకు ఏడాదిలో ఎన్నోసార్లు జలుబూ జ్వరమూ వస్తాయి, వైద్యం మొదలుపెట్టిన వారంలోనే రావచ్చు. అందుకని వైద్యానికి మళ్ళీ పోకముందే ఆ రాత్రికి ఏం చేయాలో రాసుకోండి. థర్మామీటరు, పిల్లల డాక్టరు బరువునుబట్టి చెప్పిన పారాసెటమాల్ మోతాదు, ఎప్పుడైతే ఆసుపత్రికి పరుగెత్తాలో ఆయన చెప్పిన గుర్తులు. ఇంతే. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించండి. జ్వరం వచ్చిన రాత్రి మీరు బాబు పక్కన తడిగుడ్డ పట్టుకుని కూర్చుంటారు. పసుపుగుడ్డ మీ ఆయన దగ్గర ఉంటుంది. ఆ రాత్రి దాటడం కష్టం. వరసలో అన్నిటికంటే పై మెట్టు కొండ మీద లేదమ్మా, బాబు మంచం పక్కన ఉంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. అదే సైకాలజిస్టు దగ్గరికి తిరిగిపోవచ్చు. “జ్వరం రాత్రి ఇలా జరిగింది, భయపడి రాలేదు, కింది మెట్టు నుంచి మొదలుపెడదామా?” అని అడగండి. మంచి థెరపిస్టయితే నొచ్చుకోదు. కాగితం తీసి వరస రాస్తుంది, ఎందుకు చేస్తున్నామో చెబుతుంది, మొదటి ఒకటిరెండు సార్లు మీతోపాటు తనూ నిలబడుతుంది. యేల్-బ్రౌన్ అని పది ప్రశ్నల కొలత ఉంది, నలభైకి మార్కులు. అది మొదట్లో తీసి, నెలకోసారి మళ్ళీ తీస్తుంది. నా మొగ్గు ఈ దారి వైపే, మీ కథ మళ్ళీ మొదటినుంచి చెప్పనక్కర్లేదు కనక. మొదటి రెండు మూడు వారాలు ఇప్పటికంటే ఎక్కువ అలజడిగా ఉంటుంది, నిద్ర చెడుతుంది. పరీక్షల నెలలో మొదలుపెట్టకండి.

ఆమె “నేను చెప్పింది చేయకపోతే రావద్దు” అంటేనో, మీకు ఆమె మీద నమ్మకం పూర్తిగా పోయుంటేనో, మనిషిని మార్చండి. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా, ఈఆర్‌పీ చేస్తారా అని ఫోన్లోనే అడగండి. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. చిత్తూరు వైపువాళ్ళు అలవాటుగా పోయే వేలూరు సీఎంసీలో పెద్ద మానసిక వైద్య కేంద్రం ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్కే ఉంది. దూరం పోతే సెలవులు, ఖర్చు, పిల్లవాణ్ణి ఎవరికి వదలాలన్న బెంగ తప్పవు. మీ భయమంతా మీ వంటింట్లో ఉంది, కాబట్టి ఎక్కడ చూపించుకున్నా అసలు పని ఇంట్లోనే చేయాలి.

ప్రస్తుతానికి మాత్రలతోనే ఆగి, కాస్త కుదుటపడ్డాక ఈఆర్‌పీకి పోవడం మూడో దారి. తప్పేమీ లేదు. కానీ మాత్రలు మానేయవచ్చా అని అడిగారు కదా, ఇప్పుడు మానకండి. ఓసీడీకి ఈ మందులు పని మొదలుపెట్టడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, మీకింకా ఐదే. 50 సాధారణంగా ఆరంభపు మోతాదు. ఈ జబ్బుకు డాక్టర్లు అవసరాన్నిబట్టి 200 దాకా కూడా పెంచుతారు. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చికాకు, తలలో షాకు కొట్టినట్టుండటం లాంటివి రావచ్చు. రెండో బిడ్డ ఆలోచన ఉంటే మీ సైకియాట్రిస్టుకు ముందే చెప్పండి. 2005లో అమెరికాలో ఎడ్నా ఫోవా బృందం 122 మందిమీద చేసిన పరీక్షలో ఈఆర్‌పీ ఒక్కటే తీసుకున్నవారిలో 62 శాతం, క్లోమిప్రమిన్ అనే మందు ఒక్కటే వాడినవారిలో 42 శాతం, రెండూ కలిపి తీసుకున్నవారిలో 70 శాతం మందికి గుణం కనిపించింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 8 శాతానికే. రెండూ కలిపినా ముప్ఫై శాతం మందికి సరిపోలేదన్నది కూడా ఆ లెక్కలోనే ఉంది. అలాంటివారికి మోతాదు, మందు, పద్ధతి మార్చి చూస్తారు.

రాహుకేతు పూజకు పోవద్దని నేను అనను. ఇంటిల్లిపాదీ కాళహస్తి పోయి రావడం మంచిదే. పూజ చేయిస్తే ఆ మాట ఆగుతుందని పోతే మాత్రం తిరిగొచ్చే బస్సులోనే ఆ మాట వస్తుంది. అప్పుడు “పూజలో ఏదో లోపం జరిగింది” అని మళ్ళీ పోతారు. పెద్దవాళ్ళ మనసు కష్టపెట్టడం ఇష్టం లేకపోతే, వైద్యం కుదుటపడ్డాక పోతామని పెదనాన్నగారికి చెప్పండి.

ఏమీ చేయకుండా ఉండటం కూడా ఒక దారే. ఈ జబ్బు దానంతటదే తగ్గడం అరుదు. ఎక్కువగా ఇంకో గది, ఇంకో దారి, ఇంకో కిటికీ ఆక్రమించుకుంటూ పోతుంది.

మీ ఆయన ఎంతో ఓపికమంతుడు. ఆ ఓపికే ఇప్పుడు జబ్బుకు ఊతం అయిందని ఆయనకు తెలియదు. రేపటినుంచి ఉన్నట్టుండి నోరు మూసుకోమంటే మీకు ఊపిరాడదు. ఇద్దరూ మాట్లాడుకుని, మీ ఒప్పుదలతో, మొదటి వారం రోజుకు పదిసార్లు, తర్వాత ఐదు, తర్వాత రెండు అని పెట్టుకోండి. అంతకు మించి అడిగితే ఆయన అనవలసిన మాట కూడా ముందే అనుకోండి: “దీనికి నేను బదులివ్వకూడదని ఇద్దరం అనుకున్నాం కదా. రా, కాసేపు నా దగ్గర కూర్చో.” మొదట్లో మీకు ఆయనమీద కోపం వస్తుంది. ఆయన గొంతు పెంచకుండా అదే మాట అనాలి. ‘ఏం కాదు’ అని పొరపాటున నోరు జారితే గొడవపడకండి, మరుసటి సారికి సర్దుకోండి.

బాబుతో ఒక్కసారి చెప్పండి: “అమ్మకు మనసులో ఒక జబ్బు చేసింది నాన్నా. డాక్టరు దగ్గరికి పోతున్నా. నా బదులు నువ్వు చెంపలేసుకోనక్కర్లేదు.” అంతే. ఆ తర్వాత వాడి చేతులకేసి రోజంతా చూస్తూ ఉండకండి. పిల్లలు చూసింది చేస్తారు, చూడటం తగ్గితే చేయడమూ చాలావరకు తగ్గుతుంది. వాడికి సొంతంగా భయాలు కనిపిస్తే అప్పుడు సైకాలజిస్టుకు చెప్పండి.

ఏ రాత్రయినా బతకాలని లేదనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, మీ ఆయన్ను లేపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు.

ఇక సీసాలు. ఇప్పుడే తీసుకుపోయి హుండీలో వేస్తే గుండె బరువు దిగినట్టుంటుంది, కానీ ఖాళీ సీసాలు మళ్ళీ నింపమంటాయి. పారేయమంటే మీరు వారం నిద్రపోరు. నా సలహా, ముట్టుకోకండి. లెక్కపెట్టకండి. మూతలు తీయకండి. మీ ఆయన చేత చీరల వెనకనుంచి తీయించి వంటింటి అటక మీద, అందరికీ కనిపించేలా పెట్టించండి. మొక్కు తీరకుండా ఉన్న ముడుపులు కళ్ళెదుట పెట్టుకుని పప్పు తాళింపు వేయడం కూడా ఒక మెట్టే. మార్కుల్లో దాన్ని ఎక్కడ వేయాలో సైకాలజిస్టుతో మాట్లాడుకోండి. వరస మొత్తం ఎక్కాక ఒకరోజు వాటిని హుండీలో వేస్తారో, ఏ బిడ్డ ఫీజుకో ఇస్తారో మీ ఇష్టం. ఆ రోజు మీ చెయ్యి వణకకుండా ఉంటే చాలు.

ఈ సమాధానం ఒక్కసారి చదవండి. రెండోసారి చదవాలనిపిస్తే పత్రిక మడిచి మీ ఆయన చేతికిచ్చి, అత్తగారికి చదివి వినిపించమనండి. మీరు ఆ వేళకు వంటింట్లోకి పోయి, కిటికీకి కొట్టిన మేకుల్లో ఒకటి ఊడదీయండి.